మొదటి గాటు

గుమ్మడికాయకు మొదటి గాటు మగవాడే పెట్టాలి. మా వైపు ఇళ్లలో ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, కానీ అందరికీ తెలుసు. మగవాడు కత్తి దించి రెండు చెక్కలు చేసి పక్కకు తప్పుకుంటాడు. ఆ తర్వాత చెక్కు తీయడం, ముక్కలు కోయడం, వండడం అంతా ఆడవాళ్ల పనే. ఇంట్లో మగవాడు లేకపోతే ఎవరినో ఒకరిని పిలిచి ఆ గాటు పెట్టించుకుంటారు. పాలు పోసే మనిషైనా సరే. అందులో తప్పుపట్టేదేమీ లేదు. పట్టినవాణ్ని నేనొక్కణ్నే.

మా చెల్లెలిది ఆళ్లగడ్డ. ఆమె భర్త బేతంచెర్ల నుంచి నాపబండలు తోలే లారీ నడిపేవాడు. జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. నేను నంద్యాలలో పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వంట చేస్తాను. అంతకుముందు చాలా ఏళ్లు బెంగళూరులో ఒక పెద్ద హోటల్ వంటింట్లో పనిచేశాను. బావ పోయినప్పటి నుంచి నెలకోసారి బియ్యం, నూనె తీసుకుని ఆళ్లగడ్డ పోయేవాణ్ని. నేను వాకిట్లో అడుగుపెట్టగానే వీధిలో వాళ్లు “అన్నంటే అట్లుండాల” అనేవాళ్లు. చెల్లెలి కోసం పోతున్నానని అనుకునేవాణ్ని. ఆ మాట కోసం పోయేవాణ్నని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు ఉన్నాయి. అందులో ఒక షెడ్డుకు దూరదేశాల నుంచి మనుషులు వస్తారు. తాము చెప్పిన విగ్రహం పూర్తయ్యేదాకా ఉండి చూసుకుంటారు. మన కారం వాళ్లకు పడదు. షెడ్డు చూసుకునే మేస్త్రి మా చెల్లెలి చేతి వంట ఎక్కడో తిని, “కారం లేకుండా వాళ్లు తినే మాదిరి ఒక కూర చేసి చూపిచ్చు. నచ్చితే మధ్యాన్నం భోజనాలు నీకే ఇస్తా” అన్నాడట. ఆమె వెంటనే నాకు ఫోన్ చేసింది.

“నాకీ పని దొరికితే ఇంక నువ్వు బియ్యం మోసుకోని రాబన్లేదన్నా” అంది.

ఆమె సంతోషంగానే అంది. నాకు మాత్రం ఎక్కడో చురుక్కుమంది.

రాటటూయి చేద్దామన్నాను. వంకాయ, టమోటా, క్యాప్సికం, జుకినీ అనే ఒక కాయ నూనెలో విడివిడిగా మగ్గించి, అన్నీ కలిపి సన్న సెగ మీద ఉంచే ఫ్రెంచి కూర అది. జుకినీ దొరకనప్పుడు హోటల్లో మేము ఎర్ర గుమ్మడికాయ వేసేవాళ్లం. ఇంకా బాగుండేది.

“పేరేందన్నా?”

“రాటటూయి.”

“రాటనా? పెండ్లి రాటా?” అని నవ్వింది. “పెండ్లిండ్లు తిరిగి తిరిగి కూరల్లోకి గూడా రాట తెచ్చినావా.”

దొర్నిపాడు నుంచి ట్రాక్టర్ మీద వచ్చిన కాయల్లో మంచిది ఏరి పెట్టానని, పొద్దున్నే వచ్చి గాటు పెట్టమని చెప్పింది. పెడతానన్నాను.

ఆ పొద్దున నంద్యాల బస్టాండులో తెలిసినవాడు కనబడితే టీ తాగుతూ కూర్చున్నాను. ఆళ్లగడ్డ బస్సు ఒకటి పోయింది, ఇంకొకటి కూడా పోయింది. చూస్తూనే ఉన్నాను. ఆమె వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూ నా కోసం చూస్తూ ఉంటుందని తెలుసు. కొంచెం చూడనీ అనుకున్నాను.

నేను పోయేసరికి కాయ చెక్కలై ఉంది. ఆమె చెక్కు తీస్తోంది.

“ఎవురు కోసినారు?”

“పక్కింటి సాయిబన్న గాటు పెట్టినాడు. మేస్త్రి వాళ్లు ఒంటిగంటకంతా వస్తారు. ముక్కలు మగ్గద్దా?”

“నేను వస్తాండానని తెలుసు గదా.”

“నాకు తెలుసన్నా. కాయకు తెలీదు గదా” అని మళ్లీ నవ్వింది.

సాయిబన్న పరుపులు కుట్టే మనిషి. అరవై దాటినవాడు. భార్య, కొడుకు, కోడలు, మనవరాలు ఉన్న ఇల్లు. బావ ఉన్నప్పటి నుంచి రెండిళ్ల మధ్య గోడ ఒకటే. తన వాకిట్లో కూర్చుని పరుపు కుడుతూ నన్ను చూసి, “ఏమప్పా, బస్సును తోసుకుంటా వచ్చినావా?” అన్నాడు. మా చెల్లెలు నన్ను అన్నా అంటుంది. ఆయన్నీ అన్నా అనే పిలుస్తుంది. ఆ రోజు వరకూ అది నాకు పట్టలేదు.

వంట మొదలైంది. కూరలో వేసే ఎండు ఆకు పొట్లం నేను తెచ్చాను. ఆమె దాన్ని వాసన చూసి, “ఇది మన వామాకు మాదిరే ఉందే” అని, కిటికీ దగ్గర కుండీలోంచి నాలుగు ఆకులు తుంచుకొచ్చింది.

“చెడిపోతాది. తర్వాత నన్ను అనద్దు” అన్నాను.

చెడిపోతే బాగుండుననుకున్నాను. చెడిపోలేదు. మూత తీస్తే ఇల్లంతా కమ్మగా ఉంది.

మేస్త్రి, ఆయన భార్య వచ్చారు. చపాతీలతో తిన్నారు. మళ్లీ వేయించుకున్నారు.

“అన్న నేర్పిచ్చినాడు” అంది చెల్లెలు.

“నేర్పిస్తే మాత్రం? చెయ్యి నీది గదా” అంది మేస్త్రి భార్య. “సోమవారం నుంచి మొదలుపెట్టుకో.”

చెల్లెలు నా వైపు చూసింది. ఆమె ముఖం అంత తేలికగా ఉండడం బావ పోయాక నేను చూడలేదు. మేస్త్రి చెయ్యి కడుక్కుంటూ, నేను ఆలస్యంగా వచ్చానన్న మాట విని, “అంత గట్టికాయను ఒక్కదానివే ఎట్ల కోసినావమ్మా?” అన్నాడు.

ఆమె చెప్పబోయింది. నేను అందుకున్నాను.

“ఆమెకేం తక్కువ? పిలిస్తే పలికే మగోడు పక్కింట్లోనే ఉండాడు. కాయలే కోస్తాడో, ఇంకేం చేస్తాడో. నేను నంద్యాల్లో ఉండేవాణ్ని, నాకేం తెలుస్తాది.”

మేస్త్రి నవ్వాడు. భార్య ముఖం చూసి ఆపేశాడు. ఆమె పళ్లెం కింద పెట్టి, “పోదాం పా” అంది. బయట సాయిబన్న చేతిలో సూది పరుపులో గుచ్చినచోటే ఆగిపోయి ఉంది.

వాళ్లు పోయాక చెల్లెలు అడిగింది.

“యాల అంటివన్నా అట్లా?”

“తమాషాకు అన్నాలే.”

“తమాషానా” అని గిన్నె మీద మూత పెట్టింది.

సోమవారం ఆ భోజనాలు వీధి చివరి ఇంకో ఇంటికి పోయాయి. షెడ్డుకు పెద్ద మనుషులు వస్తారు, ఇంటి మంచీ చెడ్డా చూసుకోవాలని మేస్త్రి భార్య అందట. సాయిబన్న ఇంటివాళ్లు మా చెల్లెలితో మాట్లాడడం మానేశారు.

నిద్ర పట్టక, తప్పు దిద్దుకుందామని నేను ఆళ్లగడ్డ పోయాను. మొదట సాయిబన్న దగ్గరికే పోయి, తప్పయిపోయిందన్నాను. ఆయన దారం కొరుకుతూ విన్నాడు.

“ఆ పొద్దు నా మనవరాలు ఇంట్లోనే ఉండె” అన్నాడు. “నువ్వు అన్న మాటకు అర్థమేందని ఆ పిల్ల మీ చెల్లెల్ని అడగలేదప్పా, నన్ను అడిగింది. పో. నాకు చెప్పేదేముంది.”

మేస్త్రి భార్య దగ్గరికి పోయాను. అది నా నోటి దురుసేనని, నా చెల్లెలు అట్లాంటిది కాదని చెప్పాను. ఆమె తలుపు సగమే తెరిచి నిలబడింది.

“అంటివి నువ్వే. ఇప్పుడు కాదంటాండావు. ఇంటి పరువు కోసం ఏ అన్నయినా అట్లనే అంటాడులే.”

అప్పుడైనా ఆగి ఉండాల్సింది. ఇంకా గట్టిగా చెబితే ఆ మాట కొట్టుకుపోతుందనుకున్నాను. షెడ్డు గేటు దగ్గర రాళ్లు కొట్టేవాళ్లను ఆపి చెప్పాను. టీ అంగడి ముందు నిలబడి నా తప్పేనని, నా చెల్లెలు నిప్పులాంటిదని చెప్పాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఒకాయన నా భుజం తట్టాడు.

మా చెల్లెలు ఇప్పుడు ఆ వీధి చివరి ఇంట్లోనే పనిచేస్తోంది. షెడ్డు భోజనాలకు కూరగాయలు తరుగుతుంది. వంట మాత్రం చేయనివ్వరు. నేను పోయినప్పుడు తడి చేతులతో గడప దాకా వచ్చింది.

“టీ అంగడికాడ చెప్పినావంటనే.”

“అవునమ్మా. అందరికీ చెప్పినా. తప్పు నాదేనని.”

“ముందు ఆ మాట తెలిసింది మేస్త్రికి, ఆయన పెండ్లానికి, సాయిబన్న ఇంటోళ్లకు. అంతే. పనియ్యకపోయినా, మాట్లాడకపోయినా, వాళ్లెవురూ బయట చెప్పుకోలేదు. బజారుకంతా నువ్వు చెప్పినావు.”

“మరి ఇప్పుడు నన్నేం చేయమంటావు?”

“ఏం చేయద్దు. ఈడికి రావద్దు.”

లోపల నుంచి ఎవరో, “మాటలు చాలుగానీ ఉల్లిగడ్డలు తొందరగా కానీ” అన్నారు. ఆమె లోపలికి పోయింది.

నేను పోవడం మానేశాను. అప్పుడప్పుడు ఆళ్లగడ్డవాళ్లు నంద్యాలలో పెళ్లిళ్లకు వచ్చి, వంటల దగ్గర నన్ను గుర్తుపడతారు. చెల్లెలు ఎట్లాంటిదైనా బజార్లో నిలబడి తప్పు తన నెత్తిన వేసుకున్న అన్న ఇతనేనని పక్కవాళ్లకు చూపిస్తారు. అట్లాంటి మనిషి ఈ రోజుల్లో దొరకడంటారు.