గడ్డం ఉంటే షూటింగ్ ఉన్నట్టేనా?

మా నాన్న సినిమాల్లో చిన్న వేషాలు వేస్తాడు. ఎంత చిన్నవంటే, పాప్‌కార్న్ కోసం వంగి లేచేలోగా అయిపోతాయి. ఇరవై ఏళ్లు మాటల్లేని వేషాల్లో తలూపాక, నిరుడు మూడు డైలాగులున్న సాధువు వేషం దొరికింది. ఫిల్మ్‌నగర్ ఆఫీసులో మేనేజర్ ఒక్కటే చెప్పాడు: "షూటింగ్ అయ్యేదాకా గడ్డం తీయకండి."

రెండు డైలాగులయ్యాక షూటింగ్ ఆగింది. గడ్డం ఆగలేదు.

ఆరు నెలలకు ఆ ఆఫీసు ఉన్న చోట జిమ్ వెలిసింది. "ఇంకా ఎందుకు నాన్నా?" అంటే, "గడ్డం ఉన్నది గదా, సినిమా ఉన్నట్టే" అనేవాడు. నేనప్పుడు ఎంఏ ఫిలాసఫీలో తర్కం చదువుతున్నాను. ఇంట్లో ఎవరూ ఏనాడూ అడగని విద్య. అవకాశం వదులుతానా?

"షూటింగ్ ఉంటే గడ్డం ఉండాలె. అది నిజం. గడ్డం ఉంటే షూటింగ్ ఉన్నట్టు అంటే మాత్రం తప్పు. మన గల్లీ మేకకు గూడ గడ్డం ఉన్నది. దానికేం షూటింగ్?"

"మేకే నయం, గడ్డానికి పప్పుచారు పూసుకోదు" అంది అమ్మ వంటింట్లోంచి.

అదే వారం ఇంకో కంపెనీ నుంచి ఫోన్. హెడ్ కానిస్టేబుల్ వేషం, నాలుగు డైలాగులు. ఎల్లుండే షూటింగ్, నున్నగా గీసుకుని రావాలి. నాన్న అద్దం ముందు చాలాసేపు కూర్చున్నాడు.

"గడ్డం తీస్తే ఏమైతదిరా, నీ తర్కం ప్రకారం?"

నోరు జారాను. "షూటింగ్ ఉంటే గడ్డం ఉండాలె అన్నప్పుడు, గడ్డం లేదంటే షూటింగ్ లేనట్టే. రెండూ ఒకటే మాట."

"అంటే, నా చేతులతోనే ఆ సినిమాను చంపుమంటవా?"

పరీక్షలో ఇదే ప్రశ్నకు నాకు పూర్తి మార్కులొచ్చాయి. పుస్తకంలో గడ్డం వెనక మనిషి ఉండడు. ఏదో సర్దిచెప్పబోయేసరికి ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

గంటకు తిరిగొచ్చాడు, పెళ్లి ఫోటోలోంచి దిగినట్టు. చేతిలో పాత మిఠాయి డబ్బా. అమ్మ ఆశగా మూత తీసి, "ఛీ!" అని వెనక్కి జరిగింది. లోపల దారంతో కట్టిన గడ్డం.

"సెలూనాయన పదిలంగ కత్తిరించిండు. పిలుపొస్తే మేకప్ మనిషి దీన్నే అల్లి అంటిస్తడు. గడ్డం ఉండాలన్నరు, మూతికే ఉండాలన్నరా?"



హెడ్ కానిస్టేబుల్ నాలుగు డైలాగుల్లో మూడు ఎడిటింగ్‌లో పోయాయి. మిగిలిన ఒక్కదానికే అమ్మ సినిమా హాల్లో ఈల వేసింది. మేనేజర్ మాట మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ చెల్లుతుంది. షూటింగ్ ఎప్పుడన్నా సరే, గడ్డం ఉంది. బీరువాలో, మూడో అరలో.