గెలుస్తున్నారని నాన్న చెప్పిన జట్టు

మా చిన్నప్పుడు అంటే మరీ చిన్నప్పుడేమీ కాదు... ఇంటర్ మొదటి సంవత్సరం. ఆదివారం వస్తే వార్డెన్ గది ముందు వరండాలో గోడకానుకుని నిలబడేవాళ్ళం. లోపల ఒకటే ఫోను. ఇంటి నుంచి ఫోను వచ్చిన పిల్లని పేరు పెట్టి పిలిచేవారు. మిగతా వాళ్ళం ఆ తలుపు వైపే చూస్తూ...

గుంటూరులో రెసిడెన్షియల్ కాలేజీ అది. కిటికీలకు కడ్డీలు, కడ్డీల మీద దోమల వల. చదువు పాడవుతుందని టీవీ లేదు, పేపరూ లేదు.

అంతకుముందు నేను చదివింది కాన్వెంటులో. రాంచీ వైపు నుంచి వచ్చిన ఒక సిస్టర్‌కి హాకీ అంటే ప్రాణం. అమ్మాయిలందరి చేతా కర్ర పట్టించారు. నేను మాత్రం బంతి నా వైపు వస్తే పక్కకి తప్పుకునేదాన్ని. ఆడటం రాలేదు గానీ చూడటం అలవాటైంది.

పదో తరగతిలో ఉండగా టీవీలో హాకీ లీగ్ చూడటం మొదలుపెట్టాను. హైదరాబాద్ జట్టు నా జట్టు. నాన్న కూడా పక్కన కూర్చునేవాడు. గోలు పడ్డప్పుడల్లా, "ఇప్పుడు వేసింది మనోళ్ళేనా అమ్మా?" అని అడిగేవాడు.

హాస్టల్లో చేరాక నాన్నే నా పేపరు. మిరప కోతల రోజులు. కల్లంలో ఎండుకాయల మీద పట్టాలు కప్పి, ఇంటికొచ్చి మ్యాచ్ చూసి, ఆదివారం నాకు చెప్పేవాడు.

"ఓడారమ్మా."

"ఎంత తేడాతో నాన్నా?"

"ఏమో... వాళ్ళు ఎక్కువ వేశారు, మనోళ్ళు తక్కువ వేశారు."

ఆ తర్వాతి వారమూ ఓటమే. ఆ పై వారమూ...

ఒక ఆదివారం "మళ్ళీ ఓడారమ్మా" అనగానే నాకు ఏడుపు ఆగలేదు. జట్టు కోసం కాదు. ఆ వారమే మార్కులు తగ్గాయని నన్ను కింది సెక్షన్‌కి మార్చారు. అక్కడ ఎవరూ తెలియదు, చెప్పేది అర్థం కాదు. ఊపిరాడటం లేదు... తీసుకెళ్ళిపో నాన్నా, అనే మాట గొంతు దాకా వచ్చింది.

ఎదురుగా వార్డెన్ మేడమ్. నాకంటే ముందు ఫోనులో ఏడ్చిన అమ్మాయి చేతిలోంచి రిసీవర్ లాక్కుని, "ఏం లేదండీ, బెంగ పెట్టుకుంది. కొన్నాళ్ళు ఫోన్ చేయకండి, సర్దుకుంటుంది" అని పెట్టేశారు. అది కళ్ళారా చూశాను.

"ఏందమ్మా, ఏడుస్తన్నావా?" అన్నాడు నాన్న.

"అదే నాన్నా... మన వాళ్ళు ఓడిపోతున్నారుగా."

"ఓసి పిచ్చితల్లీ! ఆటకి ఏడుస్తారటే? బొబ్బర తెగులొచ్చి తోటంతా ముడుచుకుపోతే నేనేడ్చానా?"

తర్వాతి ఆదివారం నుంచి జట్టు గెలవడం మొదలుపెట్టింది.

"గెలిచారమ్మా! చితక్కొట్టేశారు మనోళ్ళు!"

నాకు ఏడవడానికి ఉన్న ఒక్క కారణమూ పోయింది. ఇక ఫోనులో సంతోషంగా మాట్లాడాలి. మాట్లాడాను. "చూశావా, సర్దుకున్నావు" అన్నారు మేడమ్.

ఇంకో గెలుపు తర్వాత అడిగాను... "గోల్స్ ఎవరు వేశారు నాన్నా?"

"అదేనమ్మా... కాళ్ళకి ఇంతింత దిళ్ళు కట్టుకుని, మొహానికి ఇనప జాలీ పెట్టుకుని ఉంటాడే, ఆ అబ్బాయి. ఒక్కడే రెండు ఏశాడనుకో!"

ఆ అబ్బాయి గోల్‌కీపర్. గోలు పడకుండా కాపలా కాసేవాడు.

 అవతల నాన్న ఎదురుచూస్తున్నాడు. ఇది అబద్ధం కదా అంటే, మరి ఓడితే ఏడుస్తున్నావుగా అంటాడు. అందుకు కాదని చెప్పాలంటే ఎదురుగా మేడమ్...

"బాగా వేశాడు నాన్నా" అన్నాను.

"ఆఁ... మరేమనుకున్నావ్!" అన్నాడు. గొంతు ఎంత తేలిక పడిందో.

వేసవి సెలవులకి ఇంటికొచ్చాను. ఇక్కడ మేడమ్ లేరు. రెండో సంవత్సరం అక్కడికి వెళ్ళనని చెప్పేద్దామని, నాన్న వాకిట్లో ఒక్కడే ఉన్నప్పుడు లేచాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పక్కింటి సాంబయ్య బాబాయ్ గొంతు.

"ఏరా, మీ అమ్మాయి జట్టు అందరికన్నా అడుగున తేలిందంటగా!"

"ఒరేయ్, నెమ్మదిగా తగలడు. పిల్ల లోపలే ఉంది."

"ఉంటే ఏంది? ఓడిపోటానికి వాళ్ళకి లేని సిగ్గు నీకెందుకురా?"

"నీకు తెలవదురా. వాళ్ళు గెలుస్తన్నారని చెప్పినకాడి నుంచే అది ఏడుపు మాని చదువుకుంటంది. ఇంకొక్క ఏడాది ఆ మాట మీదే నెట్టుకొస్తే చాలు."

నేను గుమ్మం దాటలేదు. ఆ సెలవుల్లోనూ ఆ మాట చెప్పలేదు. కాలేజీ తెరిచే ముందు రోజు ట్రంకు పెట్టె నేనే సర్దుకున్నాను.

మధ్యలో ఆగిపోయిన లీగ్ ఇన్నేళ్ళకి మళ్ళీ ఆడుతున్నారు. పాత జట్టు లేదు, హైదరాబాద్ పేరుతో కొత్తది ఉంది. ఈ మధ్య అదీ వరసగా ఓడుతోంది. చివరి నిమిషాల్లో గోలు ఇచ్చేస్తోంది, పెనాల్టీ కార్నర్లన్నీ వృథా చేస్తోంది. అయినా చివరిదాకా కూర్చుని చూస్తాను. నా జట్టు ఓడిందని ఆ క్షణంలోనే, ఉన్నదున్నట్టు తెలియడం... అదొక రకం తెరిపి. ఓడినవాళ్ళు తల వంచుకుని బయటికి నడిచి వెళ్ళిపోతారు. వాళ్ళని ఎవరూ ఆపరు.

మొన్నటి ఓటమి తర్వాత నాన్న ఫోన్ చేశాడు. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాను. అక్కడ ఇక నా వల్ల కావడం లేదని ఈసారి చెబుదామనే అనుకున్నాను. గదిలో నేనొక్కదాన్నే... వినేవాళ్ళెవరూ లేరు.

"ఎట్టా ఉన్నావమ్మా?"

"బాగున్నా నాన్నా."

హాస్టల్లో చదివినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, అప్పట్లో ఫోనులో మీరు చెప్పలేక మింగేసిన మాట ఏమిటి? కనీసం ఇక్కడైనా రాయండి... నేను చదువుతాను.