జర్మనీ మోటారులో ఎర్ర తీగ

ఒక్క ఎర్ర తీగ మీద నేను పడ్డ తగాదా పగవాడికి కూడా వద్దు.

అన్న పోయాక వదిన పంజాగుట్ట దారిలో పిండి గిర్ని పెట్టుకోవాలనుకుంది. యుద్ధం రోజులు. కొత్త మోటార్లు దొరకవు. నేను మోటార్లు బాగుచేసే కార్ఖానాలో పనిచేసేవాణ్ణి కాబట్టి, వెతికి వెతికి ఒక పాత జర్మనీ మోటారు తెచ్చిపెట్టాను. మూడు ఫేజుల కరెంటు మీద నడిచేది. దానికి నాలుగు తీగలు: నలుపు, నీలం, బూడిద రంగు, ఎరుపు. మూడింటికి కరెంటు ఇవ్వాలి, నాలుగోదాన్ని భూమికి కలపాలి. ఆ నాలుగోది ఏది? అదీ తగాదా.

మన దగ్గర ఎరుపంటే కరెంటు. కానీ నేను సెల్లుకు టార్చి బల్బు కట్టి చూస్తే, ఎర్ర తీగకూ మోటారు ఇనుప ఒంటికీ మధ్య బల్బు వెలిగింది. మిగతా మూడింటికీ వెలగలేదు. అంటే ఆ దేశం వాళ్లు ఎరుపును భూమికి ఉంచారు. దానికి కరెంటు ఇచ్చామా, మోటారు ఒళ్లంతా కరెంటే! మట్టి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి జొన్నలు పోయాల్సింది వదిన.

ఈ ముక్క కరెంటు ఆఫీసు ఇన్‌స్పెక్టరు బుర్రకు ఎక్కించడం నా వల్ల కాలేదు. ఆయన సంతకం లేనిదే గిర్ని నడవదు. మొదటిసారి వచ్చి, ఎర్ర తీగ భూమిలోకి పోవడం చూసి అనుమతి కాగితం మీద గీత కొట్టేసి వెళ్లిపోయాడు. రెండోసారి బల్బు వెలిగించి చూపించాను.

"నీ బల్బు కాదు భాయ్, నా కితాబు చూడు. ఎర్రదంటే కరెంటు, నల్లదంటే జమీన్. ఖతం."

"సాబ్, గా కితాబు ఇంగ్లండోళ్లది. మోటారు జర్మనీది."

"అయితే జర్మనీకే పోయి లైను తెచ్చుకో!"

నా ఒళ్లు మండిపోయింది. అమీర్‌పేట నుంచి గంపలు మోసుకొచ్చిన ఆడవాళ్లు రోజూ తిట్టుకుంటూ తిరిగిపోతున్నారు. వదిన మాత్రం నన్ను ఒక్క మాట అనదు. అదే ఇంకా కోపం తెప్పించేది.

మూడోసారి తన లైన్‌మన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. నేను కట్టిన తీగలు విప్పించి, ఎర్రదాన్ని కరెంటుకూ నల్లదాన్ని భూమికీ కట్టించాడు. నేను అరుస్తూనే ఉన్నాను. ఆయన మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వదిన పసుపు నీళ్ల గిన్నెతో వచ్చింది. కొత్త మగ్గం ఆడడం మొదలయ్యాక తడి పసుపు చేత్తో దాని ఒళ్లు తడమడం మా నేతవాళ్ల ఇంట్లో ఆనవాయితీ. మోటారుకూ అదే చేయబోతుందని నాకు అంతవరకూ తట్టనే లేదు.

"సాబ్, మీ రంగులు నాకు ఎర్కలేవు," అంది. "మీరు పెద్దోళ్లు. స్విచ్ ఏసినంక మొదలు మీరే పసుపు పెట్టుండ్రి."

ఆయన గిన్నెను చూశాడు, మోటారును చూశాడు. చెయ్యి మెల్లగా స్విచ్ మీద నుంచి దిగింది.

"గది మా డ్యూటీ కాదమ్మా. నీ మరిదికే గంత తెలిస్తే గాయననే కట్టమను. ఏమన్న అయితే నా జిమ్మా కాదు." అదే ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టి వెళ్లిపోయాడు. తప్పయిందని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది!

తీగలు మళ్లీ నా లెక్క ప్రకారం కట్టాను. స్విచ్ వేశాను. మోటారు తిరిగింది. గెలిచానని వెనక్కి చూస్తే, వదిన గిన్నె నా ముందుకు చాచి నిలబడి ఉంది.

"నువ్వు పెట్టు ముందుగాల."

చెయ్యి తడిపాను. మోటారుకు జానెడు దూరంలో అది ఆగిపోయింది. బల్బు వెలగడం నా కళ్లతో చూసినవాణ్ణి, మూడు వారాలు దాని మీదే గొంతు చించుకున్నవాణ్ణి. అయినా ఆగింది. ఇన్నాళ్లూ నేను పందెం కాసింది వదిన చేతిని అని అప్పుడు గాని తెలియలేదు. కళ్లు మూసుకుని చెయ్యి వేశాను. ఇనుము అదురుతోంది, అంతే.

నా చెయ్యి ఆగడం చూసిన వదిన ముందుకు రాలేదు.

"ఇంకొక్కసారి ముట్టు," అంది.