ఆడపడుచు మడ్‌గార్డు, నీలం బకెట్టు

ఆ వీధిలో పగిలిన బంపర్లకూ చీలిన మడ్‌గార్డులకూ దిక్కు ఒక్కరే. అందరూ ఆవిడను కుట్ల డాక్టరమ్మ అంటారు. వంటింటి వెనక వరండాయే ఆస్పత్రి. పరికరాలంటారా, ఒక సోల్డరింగ్ ఐరన్, చిన్న డ్రిల్లు, సన్నటి ఇనప జాలీ, గరుకు కాగితాలు. పొగ పోవడానికి ఎప్పుడూ తెరిచి ఉండే కిటికీ ఒకటి. పెళ్లికి ముందు బట్టలు కుట్టేది. ఇప్పుడు చేసేదీ కుట్టడమే. గుడ్డ కాస్త మందమైంది, అంతే.

రోగి రాగానే వెనకవైపు నుంచి గోరంత పొట్టు గీకి, కాల్చి, వాసన చూస్తుంది. కొవ్వొత్తి ఆర్పినట్టుంటే ఒక రకం, ముక్కు మండితే ఇంకో రకం. ఒకే రకమైతేనే వియ్యం నిలుస్తుందని ఆవిడ సిద్ధాంతం. అది ప్లాస్టిక్కు వరకేనని కూడా చెబుతుంది. చీలిక ఆగిన చోట ఆవగింజంత రంధ్రం వేస్తుంది, ఇక అది ముందుకు పాకదు. తరవాత జాలీని వేడిచేసి లోపలివైపు దించి, పైన అదే రకం ప్లాస్టిక్కు కరిగించి పోస్తుంది.

ఊరంతా మెచ్చుకున్నా ఆవిడకు ఒక వెలితి ఉండేది. భర్తకు అక్క, అంటే ఆవిడకు ఆడపడుచు, పదహారేళ్లలో ఒక్కసారి కూడా దేన్నీ "బాగుంది" అనలేదు. చీర చూపిస్తే తిరగేసి చూసేది. గిన్నె ఇస్తే అడుగు చూసేది.

అలాంటి ఆడపడుచు ఒకరోజు స్కూటర్ ముందు మడ్‌గార్డు చంకలో పెట్టుకుని వచ్చింది.

"గేటు అడ్డమొచ్చింది. కొత్తది వేయించుకోమన్నారు షాపులో. నువ్వేదో చేస్తావటగా, తెచ్చాను. పాడైనా ఏం, ఎలాగూ పాడైందే."

ఇంతకన్నా మర్యాదగా ఆవిడ ఎవరినీ ఏదీ అడిగి ఉండదు.

డాక్టరమ్మ పొట్టు కాల్చింది. కొవ్వొత్తి వాసన. చీలికతోపాటు అంచున బొటనవేలంత ముక్క ఎగిరిపోయి ఉంది. పెరట్లో అదే రకం నీలం బకెట్టు ఒకటి పడి ఉంటే దాన్నుంచి ముక్క కోసి అతికించింది. మామూలుగా లోపలివైపు కుట్లు కుట్లుగానే వదిలేస్తుంది. ఈసారి మాత్రం తిరగేసి చూసే కళ్లు గుర్తొచ్చి, లోపల కూడా అద్దంలా అరగదీసింది. అక్కడ కందిగింజంత ఎర్ర మరక ఉంటే అదీ తీసేసింది. ప్రైమర్ కొట్టి, రెండు వైపులా మీగడ రంగు వేసింది. మూడు రోజులు పట్టింది.

ఆదివారం పొద్దున ఆడపడుచు వచ్చింది, తిరగేసింది, కళ్లజోడు పెట్టుకుని మరీ వెతికింది.

"నా చుక్క ఏదమ్మాయ్?"

"ఏ చుక్క వదినా?"

"గోళ్లరంగుతో లోపల పెట్టాను. మార్చేస్తారేమోనని."

"నేనా?"

"నువ్వని కాదు. లోకం."

"మరకనుకుని గీకేశాను వదినా."

"మరి కుట్లేవీ? ఇది కొత్తది. కొనుక్కొచ్చి బాగుచేశానంటున్నావు. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు చెప్పు."

తమ్ముడు పేపరు వెనక నుంచి జాగ్రత్తగా పలికాడు. "నాకైతే కొత్తదానికీ దీనికీ తేడా తెలియట్లేదక్కా."

"నేననేదీ అదేగా."

భార్యకు మద్దతుగా చెప్పిన ఏకైక సాక్ష్యం ఇలా ఎదుటి పక్షానికి చేరిపోవడంతో ఆయన మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయాడు. కొత్తదానిలా ఉందనిపించుకోవడం పనితనానికి పరాకాష్ఠ. అదే నేరమైపోవడం ఆ వరండా చరిత్రలో మొదటిసారి.

డాక్టరమ్మ బ్లేడు తీసుకుంది. మూడు రోజుల నునుపు మీద ఆనించాక చేయి ఒక్క క్షణం ఆగింది. ఆ తరవాత అంచున గట్టిగా గీకింది. మీగడ రంగు పోయింది, ప్రైమర్ పోయింది, నీలం బయటపడింది.

ఆడపడుచు వంగి చూసింది. "ఇది నేనిచ్చిన బకెట్టు."

పేపరు ఇంకొంచెం పైకి లేచింది.

"అడుగు పోయింది వదినా."

"నేనిచ్చింది పోదే?" అంటూనే ఆవిడ బొటనవేలితో ఆ అంచు నొక్కింది. వంచబోయింది. రెండు చేతులా వంచబోయింది. అది వంగలేదు. "గట్టిగానే ఉంది," అంది చివరికి. వెంటనే సర్దుకుంది. "బకెట్టు అలాంటిది మరి."

"గీత మీద రంగు వేసిస్తాను, గంట పని."

"వద్దు, ఉండనీ."

వారం తిరక్కుండా పక్క వీధి టీచరమ్మ చీలిన బంపరు పట్టుకొచ్చింది.

"ఎవరో ఒకావిడ తన స్కూటర్ ఆపి మరీ నీలం గీత చూపించిందండీ. మా మరదలి పని, బకెట్టు నాది, బాగుంది కదూ అంది."

"బాగుంది అనే అందా?"

"రెండుసార్లు అంది. ఏం?"

"ఏం లేదు."

డాక్టరమ్మ బంపరు తిరగేసి, గోరంత పొట్టు గీకి కాల్చింది. పొగ కళ్లలో పడిందంటూ కిటికీ తెరవబోయింది. అది తెరిచే ఉంది.