ఆరో ఒకటి

నువ్వన్నది తప్పు, తమ్ముడూ. ఒకట్లే వరుసగా పేర్చిన సంఖ్య ఎంత పెద్దదైనా ఏడుతో శేషం లేకుండా భాగం పోదని పోయిన వారం మా ఇంట్లో అందరి ముందూ తీర్పు చెప్పావు. ఎక్కడో ఒకచోట పోతుందన్న నా మనవరాలు సుశీలను చూసి నవ్వావు. ఆ పిల్ల అప్పటి నుంచి పలక ముట్టలేదు.

ఈ రోజు ఆ పలక నేనే తీశాను. నువ్వు రాసిన ఐదు ఒకట్లు అలాగే ఉన్నాయి. సుల్తానాబాద్ మిల్లులో బస్తాకో గీత గీసి, ఐదు గీతలకో కట్ట కట్టే చెయ్యి కదా, ఐదు కాగానే లెక్క ముగిసిందనుకుంది.

సుశీల నా భుజం మీదుగా తొంగిచూసింది. "అమ్మమ్మా, ఏడుతోని భాగిస్తె గీడ రెండు మిగిలింది. పక్కన ఇంకో ఒకటి పెడితె ఇరవై ఒకటైతది. దాంట్ల ఏడు పోతది."

"అయితె పెట్టు. ఎవలు వద్దన్నరు?"

"చిన్నతాత నవ్విండు గద."

"ఆయన మీసం మొలవక ముందు సంది నవ్వుతనే ఉన్నడు. నువ్వు పెట్టు."

పెట్టింది. లక్షా పదకొండు వేల నూట పదకొండు. ఏడుతో భాగిస్తే శేషం సున్నా. నేను చదువుకున్న ఉర్దూ ఎక్కాలతో సరిచూశాను, అదే వచ్చింది. పదమూడుతోనూ పోయింది. ఎందుకో నాకు అంతుబట్టలేదు, నీకు తెలిస్తే చెప్పు.

ఇప్పుడు పదిహేడును పట్టుకుంది. ఒకట్లు పలక అంచు దాకా వచ్చినా శేషం పోవడం లేదు, పిల్ల అన్నానికి లేవడం లేదు. శనివారం వచ్చేటప్పుడు బజారులో అన్నిటికంటే వెడల్పైన పలక ఒకటి తీసుకురా. ఆ నవ్వు మాత్రం మిల్లులోనే వదిలిపెట్టి రా.