ఆధార్ కార్డులో అవ్వ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. (ఆ రోజులంటే మరీ రాళ్ళ మీద శాసనాలు చెక్కిన కాలమేం కాదు, చేతిలో అద్దం పగిలిన స్మార్ట్‌ఫోను ఉన్న కాలమే.) డిగ్రీ అయ్యాక పెనుకొండలో కంప్యూటరుతో బొమ్మలు గీసే కోర్సు ఒకటి చేసి, హిందూపురంలో ఒక స్టిక్కర్ల అంగట్లో పనికి చేరాను. పొద్దున రైలెక్కి సాయంత్రం రైలు దిగేలోపల, నా అంతటి కళాకారిణి ఈ దారిలో ఏ స్టేషనులోనూ లేదని గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లమీద జాలీ వేస్తుంది, కొంచెం అసూయా కలుగుతుంది. అంత నమ్మకం మళ్ళీ నాకు దేనిమీదా కుదరలేదు.

అంగడి యజమానిని అందరూ రేడియం భాయ్ అనేవాళ్ళు. ఆటోల మీద, ట్రాక్టర్ల మీద మెరిసే అక్షరాల్లో చాలావరకు ఆయన అంగట్లో పుట్టినవే. పని ఇలా సాగేది. కంప్యూటరులో బొమ్మ అంచుల వెంబడి గీత గీయాలి. ఆ గీతను కోర్సులో పాత్ అని నేర్పారు. కత్తిరించే మిషను తన చిన్న బ్లేడును ఆ గీత వెంటే నడుపుతుంది. తర్వాత అక్కరలేని స్టిక్కరును ఒలిచి పారేస్తే, కావలసిన బొమ్మ కాగితం మీద మిగులుతుంది. అలా మిగలాలంటే కన్నుకు, ముక్కుకు, పెదవికి దేని గీత దానికి విడిగా ఉండాలి, మొదలూ చివరా కలిసి మూసుకోవాలి. ఈ సంగతి కోర్సులో చెప్పే ఉంటారు. నేను విన్నట్టు లేదు.

ఒక మధ్యాహ్నం రొద్దం వైపు నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. వయసులో నాకన్నా మహా అయితే ఒకటి రెండేళ్ళు పెద్ద. కొత్త లగేజి ఆటోను బయట నిలబెట్టి, జేబులోంచి ఆధార్ కార్డు తీసి, రెండు చేతులతో నా ముందు పెట్టాడు. "మా అవ్వ అక్కా. పోయిన నెల్లో చనిపోయింది. నన్ను సాకింది ఆమే. బండి వచ్చేతలికి మనిషి లేదు. రేపు పొద్దున పట్టుగూళ్ళు ఏసుకోని ధర్మవరం పోతాండా, మొదటి లోడు. ఆలోపల ఆమె నా ఎనక అద్దం మీద ఉండాల. ఇది తప్ప ఇంకో ఫొటో లేదు," అన్నాడు.

ఆధార్ ఫొటోలో అందంగా వచ్చినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. (నా దాంట్లో నేను దొంగతనం ఒప్పుకోవడానికి వచ్చినదానిలా ఉంటాను.) ఈ అవ్వ అయితే కెమెరానే కాదు, దాని వెనకాల ఉన్నవాణ్ణి, క్యూలో నిలబడ్డవాళ్ళను కూడా కలిపి కోపంగా చూస్తోంది. ఎలాగూ తీర్చిదిద్దేదాన్ని నేనున్నాను కదా అనుకుని మౌసు పట్టుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వీధిలో మెలికల ముగ్గంటే నా పేరే చెప్పేవాళ్ళు. ఎక్కడా తెగకుండా, మొదలుపెట్టిన చోటికే గీత తిరిగొస్తేనే అది ముగ్గు. మధ్యలో తెగిందంటే మా అమ్మ నీళ్ళు చల్లి మళ్ళీ వేయించేది. ఆ చేతి అలవాటుతో అవ్వ మొహం మొత్తం ఒకే గీతలో లాగేశాను. నుదుటి మీద బయలుదేరి, కనుబొమ్మ దాటి, కన్ను చుట్టి, ముక్కు దిగి, పెదవి తిరిగి, రెండో కన్ను మీదుగా మళ్ళీ నుదుటికి చేరాను. తెర మీద అద్భుతంగా కనిపించింది. మిషను కోసింది. భాయ్ ఒక కొస పట్టుకుని ఒలిచాడు. కన్ను, ముక్కు, పెదవి ఒకదాని వెంట ఒకటి లేచొచ్చి ఆయన వేలికి వేలాడాయి.

"ఏమ్మా, అవ్వ మొగమడిగితే జిలేబి చేసిచ్చినావు?" అన్నాడు భాయ్. "ఇది వాకిట్లో ముగ్గు కాదు పాపా. కన్ను కన్నే, ముక్కు ముక్కే. దేనికది ఇడిగా గీయాల. మళ్ళా చెయ్యి." డ్రైవరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వాపుకుంటున్నాడేమో అనుకున్నాను. కాసేపటికి టీ తాగొస్తానని బయటికి పోయాడు.

నేను మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి దేని గీత దానికే గీసి, ఎడమ కన్ను, కుడి కనుబొమ్మ అని ఒక్కోదానికీ పేరు పెట్టాను. అప్పుడు తెలిసింది నాకు అందులోని రుచి. దేన్ని పట్టుకుంటే అదొక్కటే కదులుతుంది, మిగతావి ఉలకవు పలకవు. ఇక నన్ను ఆపేదెవరు? కనుబొమ్మలు పైకెత్తాను. ముక్కు సన్నం చేశాను. నుదుటి ముడతలన్నీ తీసేశాను. చివరికి పెదవుల కొసలు పట్టుకుని పైకి లాగితే అవ్వ నవ్వింది. భాయ్ కూడా చూసి తలూపాడు.

డ్రైవరు తిరిగొచ్చి తెర దగ్గరికి వంగి చూశాడు. "ఎవురక్కా ఈమె?" అన్నాడు.

"మీ అవ్వే అన్నా. కొంచెం నవ్వించినా, అంతే."

"నవ్వేది అక్కా మా అవ్వ. ఊర్లో అందరితో నవ్వేది. నన్ను మాత్రం కార్డులో మాదిరే చూసేది. ఆమె అట్ల చూస్తాంటేనే నేను బండి మెల్లగా తోలేది. ఈ నవ్వే ఆమెను ఎనక పెట్టుకుంటే ఫోను మాట్లాడతా యాడో గుద్దేస్తా."

అతను స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. కనుబొమ్మ దించమన్నాడు. దించాను. "ఇది బడి ఎగ్గొట్టినప్పుడు. ఇంకా రొంత దించు. ఆఁ, ఇది నా జేబులో బీడీ దొరికినప్పుడు. ఈడ ఆపు." ముక్కు వెడల్పు చేయమని, అలవాటుగా తన ముక్కు తడుముకున్నాడు. అదే ముక్కు. తర్వాత నుదుటి వైపు చూశాడు. "ఈడ గీతలుండాల కదక్కా, యాడ పోయినాయి?" మరీ సన్నవి మిషను కోయలేదని, కొన్ని మాత్రం వేయగలనని చెప్పాను. "ఎన్నయితే అన్ని ఎయ్యి. అవన్నీ నేను ఏయించినవే," అన్నాడు.

ఒక్కో ముడతా గీశాను, ఒక్కోదాని కొసలూ కలిపి మూశాను. ఆఖరున పెదవి కొసలు కిందికి దింపేసరికి అతను స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "చాలక్కా. ఇంక ముట్టొద్దు," అన్నాడు.

భాయ్ తానే వెళ్ళి వెనక అద్దానికి స్టిక్కరు అంటించాడు. డ్రైవరు సీట్లో కూర్చుని పైనున్న చిన్న అద్దంలోకి, అందులో కనబడే అవ్వ వైపు చూశాడు. అప్పుడే చేతిలో ఫోను మోగింది. ఎవరు చేశారో కూడా చూడకుండా కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు. బండి నిదానంగా మలుపు తిరిగింది.

ఇప్పుడు నేను ధర్మవరంలో పెండ్లి కార్డులకూ ఫ్లెక్సీలకూ బొమ్మలు చేస్తుంటాను. తెల్లగా చెయ్యమని, ముడతలు తీసెయ్యమని వస్తూనే ఉంటారు. చేస్తాను, అది నా బతుకుతెరువు. పోయినవాళ్ళ ఫొటో తెస్తే మాత్రం, మీకు ఎట్లా కనబడేవాళ్ళని ముందు అడుగుతాను. చాలామంది కంప్యూటరు వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ ఉండిపోతారు. నేను మౌసు వదిలేసి, చేతులు కట్టుకుని కూర్చుంటాను. అప్పటి ఆ కళాకారిణే ఉండుంటే, ఈలోపల నాలుగు మొహాలను నవ్వించేసి ఉండేది.