దారం కొరకని వేసవి

సూర్యలంక ఒడ్డున సరుగుడు తోటలో చిక్కుకుపోయిన అలివి వలను ఒక్క ముక్క కూడా కోయకుండా విడిపించి మళ్ళీ సముద్రంలో దించడం సుందరయ్య సాధించిన మొదటి ఘనత. తొంభైలో తుఫాను వచ్చి పోయిన తర్వాతి మాట అది. ఒడ్డున నిలబడి జనం రెండు వైపులా లాగే ఆ పెద్ద వలను గాలి ఎత్తుకెళ్ళి చెట్లకు చుట్టేసింది. బాపట్ల వైపు నుంచి పేరున్న వలగాళ్ళు వచ్చి చూశారు. కోసి ముక్కలుగా అమ్ముకోవడమే మేలని చెప్పి వెళ్ళారు. సుందరయ్యకు అప్పటికింకా పెళ్ళి కాలేదు. నిజాంపట్నం నుంచి చుట్టాలను పలకరించడానికి వెళ్ళినవాడు చెట్టెక్కి కూర్చుని, చిక్కు వెంట చిక్కు విప్పుకుంటూ కిందికి దిగాడు. తెగినచోటల్లా కన్నుకు కన్ను కలిపి అల్లాడు. ఆ వల మళ్ళీ నిండుగా ఒడ్డుకు వచ్చిననాడు సూర్యలంక వాళ్ళు అతని చేతిలో పెద్ద పండుగప్పను పెట్టి పంపారు. కూర్చుంటే చేప నలుగుతుందని ఇంటిదాకా బస్సులో నిలబడే వచ్చాడు.

ఆనాటి నుంచి సుందరయ్య వేసిన ముడి జారిందన్న మాట మన నిజాంపట్నం రేవులో ఎవరూ వినలేదు. జెట్టీ పక్కనున్న వలల షెడ్డు అతనిదే. అడవులదీవి నుంచి కూడా ట్రాక్టర్ల మీద వలలు అక్కడికే వచ్చేవి. బోటు వెనక ఈడ్చే ట్రాల్ వల సంచి మూతి దగ్గర అతను వేసే జంట ముడిని మచిలీపట్నం వాళ్ళు వచ్చి నేర్చుకుపోయారు. అతని దగ్గర పని నేర్చినవాళ్ళు ఇవాళ కాకినాడలో సొంత షెడ్లు నడుపుకుంటున్నారు. బాపట్లలో సభ పెట్టి ఒకసారి శాలువా కప్పారు. ఆ శాలువాను అతని భార్య సామ్రాజ్యం బీరువాలో కలరా ఉండలు వేసి దాచింది. వానాకాలం చలిలో అడిగినా తీసివ్వదు.

షెడ్డులో అతనిది ఒకటే కట్టుబాటు. లోపలికి కత్తి, బ్లేడు, కత్తెర రాకూడదు. ఎప్పుడో ఒక బోటు వల మడతల్లో ఎవరో బ్లేడు మరిచిపోతే, నడిసముద్రంలో వల నిలువునా చీలి చేపంతా జారిపోయింది. ఆ మర్నాడే షెడ్డులో ఉన్న ఇనుమంతా బయటికి విసిరేశాడు. మరి దారం తెంపేదెలా అంటే, దేవుడిచ్చిన పళ్ళున్నాయి కదా అనేవాడు. ముడి వేసి, బిగించి, కొసను ముందు పళ్ళ మధ్య పెట్టి పుటుక్కున కొరికేవాడు. షెడ్డులో అందరూ అలాగే కొరికేవారు. పని జోరు మీదున్నప్పుడు ఆ చప్పుడు వేరుశనక్కాయలు ఒలిచినట్టు వినిపించేది.

చేతికి ఉన్న పేరే గొంతుకూ ఉంది. వేసవిలో సముద్రం మీద వేట నిషేధం ముగిసి, జూన్ నడుమ బోట్లు మళ్ళీ కదిలేముందు జెట్టీ మీద పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. దానికి ముందు పాట ఎత్తుకునేది సుందరయ్యే. మైకు ఉండదు. అతని గొంతు చివరి బోటు దాకా చేరితేనే అక్కడివాళ్ళు అందుకుంటారు. ఆ పాట వినకుండా ఇంజను తిప్పని సరంగులు, అంటే బోటు నడిపేవాళ్ళు, మన రేవులో ఉన్నారు. క్రైస్తవులే కాదు, హిందువుల బోట్లవాళ్ళు కూడా అంతే.

ముప్పై ఏళ్ళకు పైగా నైలాను కొరికితే పళ్ళు ఏమవుతాయో అదే అయింది. ముందు అరిగాయి, తర్వాత కదిలాయి. రెండేళ్ళ కిందట పైవరసలో నడిమి పన్ను ఒకటి దారంతోపాటే ఊడి వచ్చింది. దాని పక్కది కొన్నాళ్ళకు పోయింది. అన్నం తినడానికి అతనికేమీ లోటు కాలేదు గానీ, పాట ఎత్తుకుంటే పదాలకు బదులు గాలి బయటికొచ్చింది. రేపల్లెలో తీసి పెట్టుకునే పళ్ళు చేయించాడు. గొంతు పెంచినప్పుడల్లా అవి జారి నాలుక మీద కూర్చునేవి. నిరుడు జూన్‌లో సుందరయ్య జనం వెనకాల నిలబడ్డాడు. పాట మరొకరు ఎత్తుకున్నారు. చివరి బోట్లవాళ్ళకు వినిపించక, ప్రార్థన సగంలో ఉండగానే ఇంజన్లు తిప్పేశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అతను అన్నం ముట్టలేదు.

కూతురు దీవెన తెనాలిలో టీచరు. ఆమే పట్టుబట్టి తండ్రిని అక్కడి పళ్ళ డాక్టరు హరిచందన దగ్గరికి తీసుకెళ్ళింది. దవడ ఎముకలోకి చిన్న స్క్రూలు దించి వాటి మీద పళ్ళు నిలబెడతామని, వీటినే ఇంప్లాంట్లంటారని, ఎముక వాటిని పట్టుకోవడానికి నెలలు పడుతుందని డాక్టరమ్మ వివరించింది. సుందరయ్యకు ఆ పద్ధతి నచ్చింది. గుంజ పాతి మట్టి బిగిసేదాకా పడవ కట్టకూడదన్నట్టే ఉందన్నాడు. ఆగస్టులో స్క్రూలు దించి, ఖాళీ కనబడకుండా పైన తాత్కాలికంగా తేలికపాటి పళ్ళు పెట్టారు. వాటితో ఏదీ కొరకవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారు.

అక్టోబరు వచ్చేసరికి రెండూ కదిలాయి. డాక్టరమ్మ వేలితో తాకి చూసింది.

"బాబాయిగారూ, వీటితో ఏమైనా కొరికారా?"

"లేదమ్మా. జామకాయ కూడా ముక్కలు కోయించుకుని పక్క పళ్ళతో తిన్నాను. నీ మాట దాటలేదు."

పక్కన కూర్చున్న దీవెన తండ్రి వైపు తిరిగింది. "దారమో, నాన్నా?"

సుందరయ్య ఆశ్చర్యపోయాడు. "దారం తినేదా ఏంటి?"

డాక్టరమ్మకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. స్క్రూలు తీసేసింది. ఎముక మానాక ఇంకొక్కసారి ప్రయత్నిస్తానని, ఈసారి కూడా కదిలితే ఆ ఎముక మరి పనికి రాదని, బతికినన్నాళ్ళూ తీసి పెట్టుకునే పళ్ళతోనే సరిపెట్టుకోవాలని నెమ్మదిగా చెప్పింది. ఆ మాటకు అర్థం ఏమిటో సుందరయ్యకు వేరే చెప్పనక్కర్లేదు. తీసి పెట్టుకునే పళ్ళంటే జనం వెనకాల నిలబడటమే.

ఫిబ్రవరిలో మళ్ళీ స్క్రూలు దించారు. ఈసారి డాక్టరమ్మ పైన ఏమీ పెట్టకుండా ఖాళీగా వదిలేసింది. సుందరయ్య చిన్ననాటి నేస్తం, షెడ్డులో పక్కనే కూర్చుని అల్లే చెంచురామయ్య ఆ బోసి నోరు చూసి ఊరుకుంటాడా.

"బావా, ఇందరికి బ్లేడు వద్దన్నావు. ఇప్పుడు నీ ఒక్కడికీ కత్తెర తెమ్మంటావా ఏంటి?"

అనలేదు సుందరయ్య. తన నోటితో పెట్టిన కట్టుబాటును తన నోటికోసం తీసెయ్యడం అతనికి చేతకాలేదు. పెదాలు బిగించుకుని పనిచేశాడు. కానీ చెయ్యి మాట వింటేగా. ముడి పడగానే కొస తనంతట తానే నోటి దగ్గరికి పోయేది. ఒకరోజు సామ్రాజ్యం అన్నం క్యారేజీ తెచ్చేసరికి దారం అతని పెదాల మధ్య ఉంది. ఆవిడ క్యారేజీ కింద పెట్టి, దారం లాగేసి, ఇంటికెళ్ళి కూతురికి ఫోన్ చేసింది. ఏప్రిల్ నడుమ వేట నిషేధం మొదలయింది. బోట్లన్నీ ఒడ్డుకు చేరి, ఏడాది మొత్తంలో వలలకు పని ఎక్కువగా ఉండే ఆ రోజుల్లోనే, షెడ్డు యజమానిని బట్టల సంచితో సహా రేపల్లెలో తెనాలి రైలెక్కించారు. షెడ్డు పెత్తనం చెంచురామయ్యకు అప్పగించారు.

తెనాలిలో సుందరయ్య మొదట్లో చాలా అవస్థపడ్డాడు. దీవెన ఇంట్లో దారం అన్నదే లేకుండా దాచేసింది, పూలదండ దారంతో సహా. పొద్దున్నే లేచి కాలువ గట్టు మీద నడిచేవాడు. సాయంత్రాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఆ చేతులు ఖాళీగా ఉండటం చూసి దీవెనకే మనసు ఆగలేదు. మే నెలలో తన బడిలో చిరిగి మూలపడ్డ వాలీబాల్ వలను, ఒక నైలాను ఉండను తెచ్చి ముందు పడేసింది. తనూ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

చీకటి పడుతోంది. దోమలు రాకుండా పక్కన కాయిల్ వెలిగించింది. సుందరయ్య మొదటి కన్ను అల్లి, ముడి బిగించాడు. కొస పైకి లేచింది. నోటి దాకా వచ్చింది. అతను కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఎదురుగా కాయిల్ కొసన నిప్పు కనబడింది. చెయ్యి కిందికి దించి దారాన్ని దానికి ఆనించాడు. నైలాను చిటికెలో కరిగి తెగింది. తెగినచోట గట్టిపడి, చిన్న ఆవగింజలా కొస మూసుకుపోయింది. అతను దాన్ని గోటితో గీకి చూశాడు. పీచు లేవలేదు.

"కొరికితే పీచు లేస్తుంది. ఇది లేవలేదు చూశావా," అన్నాడు కూతురితో. "కాయిల్ ఇటు జరుపు."

ఆ సాయంత్రం వల సగం పూర్తయింది. మర్నాడు మిగతా సగం. వారం తిరక్కుండా పక్క బడి వాళ్ళ వల, ఎదురింటివాళ్ళ ఉయ్యాల కూడా అరుగెక్కాయి. ఒక్క దారమూ నోటిదాకా పోలేదు. షెడ్డుకు కాయిళ్ళ పెట్టె తెప్పించి ఉంచమని, కత్తెర ఊసు మాత్రం ఎత్తవద్దని చెంచురామయ్యకు కబురు చేశాడు. బావ తెనాలిలో కుదురుగా కూర్చుని దోమల మందుకు కొత్త ఉపయోగం కనిపెట్టాడని చెంచురామయ్య రేవంతా చెప్పుకున్నాడు. చెప్పుకుని, పెట్టె మాత్రం ఆరోజే తెప్పించాడు.

జూన్ మొదట్లో డాక్టరమ్మ దవడ ఎక్స్‌రే తీసి చూసింది. ఎముక రెండు స్క్రూలనూ పట్టుకుంది. కొలతలు తీసుకుని, నాలుగు రోజులకు స్క్రూల మీద పళ్ళ క్యాపులు బిగించి, ఏదైనా మాట్లాడి చూడమంది. కుర్చీలో వెనక్కి వాలి ఉన్న సుందరయ్య లేచి కూర్చుని, జెట్టీ మీద ఎత్తుకునే పాట మొదటి చరణం ఎత్తుకున్నాడు. గాలి పోలేదు. ప్రతి అక్షరమూ నిండుగా పలికింది. బయట బెంచీల మీద దవడలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూశారు. డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పకుండా చివరిదాకా వింది.

బిగింపు ఎలా కుదురుకుందో ఇంకోసారి చూసుకుని పంపిస్తానని, అప్పటిదాకా ఊళ్ళోనే ఉండమని చెప్పింది. సుందరయ్య తొందరపడలేదు. పొద్దున్నే దీవెన మేడ మీద గొంతు సవరించుకుంటున్నాడు. ఇక్కడ మన రేవులో బోట్లకు రంగులు ఆరుతున్నాయి. సామ్రాజ్యం బీరువాలోంచి శాలువా తీసి ఎండలో వేసింది. పాట ఎవరు ఎత్తుకుంటారని ఈసారి పాస్టరుగారు ఎవరినీ అడగలేదు. రేపల్లె స్టేషనుకు చెంచురామయ్య ఆటో తీసుకెళ్తున్నాడు, జూన్ పధ్నాలుగు, ఆదివారం, బోట్లు కదిలే ముందురోజు.